బల్ల దగ్గర ఎవరు నిలబడాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం బాప్టిస్టు సంఘాల సభ్యులవే. డీకన్ల (సంఘంలో అవసరాలు చూసే పరిచారకుల) ఎన్నిక, సంఘ సభలు, ప్రభు బల్ల (యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం), పరామర్శ గురించి అడిగారు. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి, ఊళ్లూ పేర్లూ తీసేసి వేస్తున్నాం.

ప్రశ్న: మా సంఘంలో నూట నలభై మంది సభ్యులున్నారు. ఇన్నాళ్లూ డీకన్ల పేర్లు పాస్టరు గారే ఆరాధన చివర చదివేవారు, మేం ఆమేన్ అనేవాళ్లం. ఈసారి సంఘమే ఎన్నుకోవాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు పని ఏమిటో కాగితం మీద పెట్టండి, పేర్ల సంగతి తర్వాత. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మొదటి ఆరు వచనాలు మళ్లీ చదవండి. రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. ఎంతమంది కావాలో, ఎలాంటివాళ్లు కావాలో అపొస్తలులు చెప్పారు. మనుషుల్ని ఏర్పరచుకున్నది సంఘం. ప్రార్థన చేసి చేతులుంచింది అపొస్తలులు. ఎవరి పని వారిదే. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. లోటు జరిగిందన్నవాళ్ల వైపు నుంచే మనుషుల్ని ఎంచుకున్నారని దీన్నిబట్టి అనుకోవచ్చు. మీ మందిరంలో వెనక వరసల్లో కూర్చునేవాళ్లలోంచి ఒక్క పేరైనా వస్తుందో లేదో చూసుకోండి.

నూట నలభై మంది అంటే సుమారు యాభై కుటుంబాలు. ఒక డీకను సరిగ్గా చూసుకోగలిగేది ఎనిమిది నుంచి పది కుటుంబాలను. కాబట్టి అయిదుగురో ఆరుగురో సరిపోతారు. పన్నెండు మంది శిష్యులున్నారని పన్నెండు మందిని పెట్టుకునే సంఘాలు ఉన్నాయి. పనిలేని డీకను పంచాయితీలకు తయారవుతాడు.

మొత్తానికి ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు ఆదివారాలు, డీకన్లు ఎలాంటివాళ్లు కావాలో చెప్పే 1 తిమోతి 3:8-13 మీద బోధ జరగాలి. మూడో ఆదివారం ప్రతి సభ్యునికీ ఒక చీటీ ఇవ్వండి. ఎన్ని ఖాళీలుంటే అన్ని పేర్ల వరకు రాయవచ్చు. చీటీ మీద రాసినవారి సంతకం ఉండాలి. సంతకం అడక్కపోతే ఒకే చేతిరాతతో పదేసి చీటీలు వచ్చి పడతాయి. నాలుగో వారం అయిదుగురు సభ్యుల నామినేషన్ కమిటీ వాటిని విడదీస్తుంది. ఆ కమిటీలో ఉన్నవాళ్లు ఈసారి డీకన్లుగా నిలబడకూడదు. అయిదో వారం ఇద్దరేసి కమిటీ సభ్యులు ఆయా వ్యక్తుల ఇంటికి వెళ్లి, భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడే మాట్లాడాలి. విశ్వాసం ఎలా ఉంది, ఇంట్లో అందరికీ సమ్మతమేనా, నెలలో ఎన్ని సాయంత్రాలు ఇవ్వగలరు, సంఘంలో ఎవరితోనైనా మాటల్లేకుండా ఉన్నారా అని అడగాలి. చివరి ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగాల్సిందే. ఎవరైనా వద్దంటే ఆ పేరు కమిటీ దాటి బయటికి రాకూడదు.

ఒప్పుకున్నవారి పేర్లు ఆరో ఆదివారం, ఏడో ఆదివారం ప్రకటించండి. అభ్యంతరం ఉన్నవారు మత్తయి 18:15 ప్రకారం ముందు ఆ మనిషితోనే మాట్లాడి, అప్పటికీ తేలకపోతే కమిటీకి చెప్పాలి. ఆకాశరామన్న ఉత్తరాలు చదవకుండానే చించేస్తామని ముందే చెప్పేయండి.

ఎనిమిదో ఆదివారం ఓటు. ప్రతి పేరు పక్కన 'అవును', 'కాదు' అని రెండు గళ్లుండాలి. పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు వచ్చినవారే ఎన్నికైనట్టు. ఉదాహరణకు తొంభై ఆరు చీటీలు వచ్చి, వాటిలో రెండు చీటీల మీద ఒక పేరు పక్కన గళ్లు ఖాళీగా వదిలేశారనుకోండి. అప్పుడు ఆ పేరు వరకు లెక్కకు వచ్చేవి తొంభై నాలుగు. మూడింట రెండు వంతులంటే అరవై రెండున్నర దాటుతుంది, కాబట్టి అరవై మూడు కావాలి. ఖాళీ గళ్లను లెక్కలోంచి తీసేస్తామన్న మాట ఓటుకు ముందే చెప్పాలి. లెక్క తేలాక చెబితే, ఒకటి రెండు ఓట్లతో తప్పిపోయినవారి బంధువులు ఊరుకోరు.

ఖాళీల కంటే ఎక్కువ పేర్లు పెట్టి పోటీ నడిపించడం మాకు నచ్చదు. ఓడినవారు మరుసటి ఆదివారం అదే బెంచీ మీద కూర్చోవాలి కదా! 'అవును, కాదు' పద్ధతిలో ఎవరికైనా మూడింట రెండు వంతులు రాకపోతే ఆ స్థానం ఏడాది ఖాళీగా ఉంటుంది, అంతే. రానివారికి ఆ విషయం ప్రకటనకు ముందే, పక్కకు పిలిచి చెప్పాలి. వేదిక మీంచి ఎన్నికైనవారి పేర్లు చదివితే చాలు, ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చదవక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: 'పదవి ఇస్తే మందిరానికి క్రమంగా వస్తాడు' అనుకోవడం. రాడు. వచ్చినా ముందు వరసలో కూర్చోవడానికే వస్తాడు. వాళ్లను మొదట పరీక్షించాలని తిమోతికి రాసిన పత్రికలోనే ఉంది. గడిచిన ఏడాదిలో కుర్చీలు సర్దినవారు, ఆసుపత్రిలో పడుకున్నవారి పక్కన కూర్చున్నవారు, తమ పేరు చదవకపోయినా అలగనివారు ఎవరో చూడండి. వాళ్లు డీకను పని అప్పటికే చేస్తున్నారు.

ప్రశ్న: డీకను, సంఘ పెద్ద ఒకటేనా? మా దగ్గర రెండు మాటలూ వాడతారు.

జవాబు: ఒకటి కాదు. ఫిలిప్పీ 1:1 లో అధ్యక్షులు, పరిచారకులు అని రెండు వర్గాలు కనిపిస్తాయి. బాప్టిస్టులు మొదటి నుంచీ ఈ రెండింటినే పట్టుకున్నారు. 1677 లో తయారై, 1689 లో లండన్‌లో సమావేశమైన సంఘాల ప్రతినిధులు ఆమోదించిన విశ్వాస ప్రమాణం ఇరవై ఆరో అధ్యాయంలోనూ అధ్యక్షులు లేక పెద్దలు, డీకన్లు అనే రాశారు. ఇద్దరినీ సంఘం ఓటుతోనే ఎన్నుకోవాలని, ప్రార్థనతో, హస్తనిక్షేపణతో (తల మీద చేతులుంచి) ప్రత్యేకించాలని కూడా అందులో ఉంది. పెద్దలు వాక్యాన్నీ ఆత్మల సంరక్షణనూ చూస్తారు, పరిచారకులు అవసరాలను చూస్తారు. మీ దగ్గర పాస్టరు గారొక్కరే 'పెద్ద' అయి, మిగతా అందరూ డీకన్లయితే అదీ బాప్టిస్టు పద్ధతే. గొడవ వచ్చేదల్లా డీకన్లను పెద్దలని పిలుస్తూ పిలుస్తూ, చివరికి వాళ్లే కాపరికి, అంటే పాస్టరుకు, పైవాళ్లమనుకున్నప్పుడు.

ప్రశ్న: చేతులెత్తడమా, రహస్య ఓటా?

జవాబు: మనుషుల గురించి అయితే చీటీ, పనుల గురించి అయితే చెయ్యి. పైకప్పు మరమ్మతుకు చేతులెత్తితే ఎవరికీ నష్టం లేదు. పక్కింటాయన డీకను కావాలా వద్దా అన్నప్పుడు ఆయన చూస్తుండగా చెయ్యి ఎత్తకుండా ఉండటం అందరివల్లా కాదు. 2 కొరింథీ 8:19 లో సంఘాలు ఒక సహోదరుణ్ణి ఏర్పరచుకున్నాయన్న చోట వాడిన గ్రీకు మాటకు చెయ్యి చాచడం అనే మూలార్థం ఉంది నిజమే. దాన్ని పట్టుకుని రహస్య ఓటు వాక్యవిరుద్ధమని వాదించేవారూ ఉన్నారు. అపొస్తలుల కార్యములు 14:23 లో అదే మాట పౌలు, బర్నబాలు చేసిన నియామకానికి వాడారు. కాబట్టి ఒక్క మాట మీద ఓటు పద్ధతి కట్టలేం.

ప్రశ్న: మా సంఘంలో ఒకాయన ఇరవై రెండేళ్లుగా డీకను. మంచివారే. కానీ కొత్తవాళ్లకు చోటు దొరకడం లేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?

జవాబు: గంట ఒక్క పిల్లికే కడితే గొడవ. అన్నిటికీ ఒకేసారి కట్టండి. పదవీకాలం మూడేళ్లు, ఆ తర్వాత కనీసం ఒక ఏడాది విరామం అని సంఘ నియమావళిలో చేర్చండి. ఈ తీర్మానాన్ని ఎన్నిక జరిగే సభలో పెట్టొద్దు. ఎన్నికకు కనీసం ఆరు నెలల ముందు, ఎవరి పేరూ ఎత్తకుండా పెట్టాలి. లేకపోతే 'ఇది నన్ను దించడానికే' అని ఆయన అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.

అందరూ ఒకే ఏడాది దిగిపోకుండా వంతులు వేయాలి. తొమ్మిది మంది ఉన్నారనుకుంటే తొమ్మిది చీటీలు మడిచి పెట్టండి: మూడింటి మీద 1, మూడింటి మీద 2, మూడింటి మీద 3. ఎవరు తీసింది వారి మిగిలిన ఏళ్లు. చీట్లు వేయడానికి అపొస్తలుల కార్యములు 1:26 లో ఆనవాలుంది, ఎవరూ నొచ్చుకోరు. ఇక అప్పటి నుంచి ఏటా ముగ్గురు దిగుతారు, ముగ్గురు ఎక్కుతారు, ఆరుగురికి పాత సంగతులు గుర్తుంటాయి.

ఇరవై రెండేళ్ల ఆయన దిగాక ఏం చేస్తారో ముందే ఆలోచించండి. కొత్త డీకను వెంట మొదటి మూడు నెలలు ఇంటింటికీ ఆయనే వెళ్లి పరిచయం చేయాలని అడగండి. ఏ ఇంట్లో ఏ మాట ఎత్తకూడదో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ప్రశ్న: స్త్రీలు డీకన్లు కావచ్చా?

జవాబు: బాప్టిస్టు సంఘాల్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు. రోమా 16:1 లో ఫీబే అనే స్త్రీని కెంక్రేయ అనే ఊళ్లోని సంఘ పరిచారకురాలు అన్నారు. 1 తిమోతి 3:11 లోని స్త్రీలు డీకన్ల భార్యలా, స్త్రీ డీకన్లా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన అనుకునేవారికి ఒక్క మాట. తొలి బాప్టిస్టుల్లో ఒకరైన థామస్ హెల్విస్ బృందం 1611 లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రకటించిన విశ్వాస ప్రమాణంలోనే పురుష డీకన్లు, స్త్రీ డీకన్లు అని ఉంది; బీదల, బలహీనుల శరీర అవసరాలు చూడటం వారి పని అని రాశారు.

మీ సంఘం ఎటు నిలబడినా, ఆ నిర్ణయం పేర్లు రాకముందే జరగాలి. ఒక సోదరి పేరు చీటీల్లో వచ్చాక ఈ చర్చ మొదలుపెడితే ఆమె మీద తీర్పు చెప్పినట్టవుతుంది.

ప్రశ్న: కుటుంబాలను డీకన్లకు పంచాం. ఆర్నెల్లయింది. ఏమీ జరగడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: పంచిన పద్ధతిలో, లేదా పుస్తకంలో.

పంపకం ముందు చూద్దాం. ఎవరింటి దగ్గర ఉన్నవాళ్లను వాళ్లకే ఇస్తే సులువనిపిస్తుంది. కానీ ఒక్కోసారి ముసలివాళ్లంతా ఒకరికి, సంవత్సరంగా మందిరానికి రానివాళ్లంతా ఇంకొకరికి పడతారు. రెండో ఆయన నెలలోనే చేతులెత్తేస్తాడు. ప్రతి డీకనుకు ఒకటో రెండో వృద్ధుల ఇళ్లు, ఒక కొత్త కుటుంబం, ఒక దూరమైన కుటుంబం, మిగతావి క్రమంగా వచ్చేవి ఉండేలా కలపండి. సొంత బంధువుల ఇళ్లు ఎవరికీ ఇవ్వొద్దు. అప్పు అడగాలన్నా, తాగుడు గురించి చెప్పుకోవాలన్నా చుట్టాల ముందు నోరు పెగలదు.

నెలకు రెండు ఇళ్లు చాలు. తొమ్మిది కుటుంబాలైతే నాలుగున్నర నెలలకొక చుట్టు పూర్తవుతుంది, అంటే ఏడాదికి ఒక్కో ఇంటికి రెండుసార్లకు పైనే. 'ప్రతి నెలా ప్రతి ఇంటికీ' అని తీర్మానం చేసిన సంఘాల్లో మూడో నెలకు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ఇద్దరుగా వెళ్లాలి, ముందు ఫోన్ చేయాలి, అరగంట దాటకూడదు. ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంటికి పురుష డీకను ఒక్కడే వెళ్లకూడదు; పిల్లలతో ఏ పెద్దవారూ గది తలుపు మూసుకుని ఒంటరిగా ఉండకూడదు. పిల్లల మీదగాని, ఇంట్లోగాని హింస జరుగుతోందని తెలిస్తే అది డీకన్ల సమావేశంలో తేల్చే విషయం కాదు. చట్టప్రకారం ఎవరికి తెలపాలో వాళ్లకు వెంటనే తెలపాలి.

ఇక పుస్తకం. ప్రతి డీకను దగ్గరా చిన్న నోటు పుస్తకం, కుటుంబానికి రెండు పేజీలు. ఎడమ పేజీలో ఇంట్లోవాళ్ల పేర్లు, ఎవరెవరు బాప్తిస్మం పొందారు, ఏ తేదీన, ఫోను. కుడి పేజీలో నాలుగు గళ్లు: వెళ్లిన తేదీ, ఇంట్లో ఎవరున్నారు, ఏమడిగారు, ఏం చేశాం. నాలుగో గడి ఖాళీగా ఉంటే తర్వాతి డీకన్ల సమావేశంలో అదే మొదటి అంశం. రాయకూడనివి కూడా ఉన్నాయి: రోగం పేరు, అప్పు మొత్తం, భార్యాభర్తల గొడవ. అలాంటి చోట 'ప్రార్థన మనవి ఉంది, పాస్టరు గారికి చెప్పాను' అని రాస్తే చాలు. పుస్తకం ఏదో ఒకనాడు బస్సులో మరిచిపోతారు, అది గుర్తుపెట్టుకుని రాయండి.

మూడు ఆదివారాలు వరసగా కనిపించనివారికి మూడో ఆదివారం సాయంత్రమే ఫోన్ వెళ్లాలి. 'ఎందుకు రాలేదు' అని అడిగితే సాకు చెబుతారు. 'ఎలా ఉన్నారు' అంటే సంగతి చెబుతారు.

ప్రశ్న: మందిరంలో పనంతా పదిమందే చేస్తారు. మిగతావాళ్లు వచ్చి కూర్చుని వెళ్తారు. ఎంత చెప్పినా కదలరు.

జవాబు: వేదిక మీంచి 'అందరూ ముందుకు రావాలి' అని పిలిస్తే ఆ పదిమందే వస్తారు. ఒక ఆదివారం మందిరంలో జరిగే పనులన్నీ చిన్నవి కూడా రాసి చూడండి: తలుపు తీయడం, మైకు, పాటల పుస్తకాలు పంచడం, పసిపిల్లల గది, సండే స్కూలు హాజరు, కొత్తవారి పక్కన కూర్చోవడం, వృద్ధులను ఇంటి దగ్గర దించడం, మరుగుదొడ్డి శుభ్రం. సులువుగా ముప్ఫై దాటుతాయి. ఒక్కొక్కటీ ఒక కార్డు మీద రాసి, ఎంతసేపు పడుతుందో, ఎన్ని నెలలో రాయండి. మూడు నెలలకు మించొద్దు. గడువు లేని పనికి ఒప్పుకుంటే జన్మంతా తమ నెత్తినే ఉంటుందని జనానికి భయం. ఆ భయం ఉత్తది కాదు.

తర్వాత మనిషి మనిషినీ విడిగా అడగాలి. పనికి ఇద్దరేసి, ఒకరు తెలిసినవారు, ఒకరు కొత్తవారు. సరిగ్గా చేయలేదని పాతవారు మధ్యలో లాక్కుని చేసేస్తేనే ఈ ఏర్పాటు చెడుతుంది. కుర్చీలు వంకరగా ఉన్నా ఆ ఆదివారానికి అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: కానుకల లెక్కింపు మీద గుసగుసలు వినిపిస్తున్నాయి. కోశాధికారి నిజాయితీపరుడే.

జవాబు: అయితే ఆయన్ను కాపాడండి. 2 కొరింథీ 8:20-21 లో పౌలు చేసింది ఇదే. పెద్ద మొత్తం తన చేతి మీదుగా వెళ్తున్నప్పుడు ఎవరూ తప్పుపట్టకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు పెట్టుకున్నాడు.

సంచి వేదిక దగ్గరి నుంచి నేరుగా లెక్కించే గదికి వెళ్లాలి. బంధుత్వం లేని ఇద్దరు లెక్కించాలి, కోశాధికారి లెక్కించకూడదు. ఒకరు లెక్కపెట్టి పక్కన పెట్టిన కట్టను రెండోవారు మళ్లీ లెక్కించాలి. కవర్ల మీద రాసిన మొత్తం, లోపలున్న మొత్తం సరిచూడాలి. తేడా ఉంటే కవరు మీదే రాసి ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలి. లెక్క చీటీ మూడు ప్రతులు: ఒకటి డబ్బుతో పాటు కోశాధికారికి, ఒకటి సంఘ కార్యదర్శికి, ఒకటి లెక్కించినవారి దస్త్రంలోకి. బ్యాంకులో వేసిన రసీదు కార్యదర్శి దగ్గరున్న చీటీతో నెలాఖరున సరిపోవాలి. డబ్బు రాత్రి ఎవరింట్లోనూ నిద్ర చేయకూడదు. చెక్కుల మీద రెండు సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకునే అలవాటుంటే ఈ రోజే మానండి.

బీదల నిధి సంగతి వేరు. సంఘ సభలో ఈ మూడు నెలల్లో ఎంత వచ్చింది, ఎన్ని కుటుంబాలకు ఎంత ఇచ్చామన్న మొత్తాలే చదవాలి. పేర్లు డీకన్ల దగ్గరే ఆగిపోవాలి. తనిఖీ చేసేవారు మాత్రం ఓచర్లు చూడవచ్చు.

ప్రశ్న: ప్రభు బల్లకు డీకన్లు ఎలా సిద్ధపడాలి? మా దగ్గర ప్రతిసారీ గిన్నెలు చాలవు, లేదా రసం ఒలుకుతుంది.

జవాబు: పోయిన నాలుగు బల్లల హాజరు చూసి, అందులో పెద్ద అంకెకు పదోవంతు కలపండి. నూట ఇరవై అయితే నూట ముప్ఫై రెండు. మామూలు పళ్లెంలో నలభై గిన్నెలు పడతాయి కాబట్టి నాలుగు పళ్లేలు. గిన్నెను మూడింట రెండు వంతులే నింపండి, సుమారు ఎనిమిది మిల్లీలీటర్లు. నూట ముప్ఫై రెండుకు లీటరు కొంచెం దాటుతుంది. లీటరుంబావు దగ్గర ఉంచుకోండి. రసం ఒలికేది పంచేటప్పుడు కాదు, పళ్లెం మీద పళ్లెం పేర్చేటప్పుడే. అంచుదాకా నింపితే పైపళ్లెం అడుగు తగిలి చిందుతుంది. గిన్నెలు పళ్లెంలో పెట్టాకే నింపాలి, నింపి పెట్టకూడదు. సన్నటి మూతి ఉన్న కూజా వాడండి.

నలుగురు పంచితే సరిపోతుంది. ప్రతి వరస చివర ఒకరు పళ్లెం అందిస్తే, అవతలి చివర ఇంకొకరు అందుకుంటారు. ఎవరు ఏ వరసలో మొదలుపెడతారో ఆరాధనకు ముందు ఒకసారి ఖాళీ పళ్లేలతో నడిచి చూడండి, అయిదు నిమిషాల పని. గిన్నెలు అదే రోజు కడగాలి. ఎండిన ద్రాక్షరసం మర్నాటికి వదలదు.

బల్లలో ఎవరు పాలుపొందవచ్చో పాస్టరు గారు మొదట్లోనే స్పష్టంగా చెప్పాలి. కొన్ని సంఘాలు విశ్వాసులందరినీ పిలుస్తాయి, కొన్ని ముంచి బాప్తిస్మం పొందినవారినే, కొన్ని తమ సభ్యులనే. పళ్లెం పట్టుకున్న డీకను వరస మధ్యలో ఆగి 'మీరు తీసుకోవచ్చో లేదో' అనే పరిస్థితి రాకూడదు. మంచం పట్టినవారి ఇంటికి తీసుకెళ్లే అలవాటు మీ సంఘానికుంటే, అదే సాయంత్రం ఇద్దరు డీకన్లు వెళ్లి, వాక్యం చదివి, ఇంట్లో విశ్వాసులైనవారితో కలిసి పాలుపొందాలి. వారం ఆగితే మిగిలిపోయినది తెచ్చినట్టుంటుంది.

పాస్టరు లేని సంఘంలో డీకను బల్ల నడిపించవచ్చా అని ఇద్దరు అడిగారు. బల్ల సంఘానిది. సంఘం సభలో తీర్మానించి ఒకరికి ఆ బాధ్యత ఇస్తే నడిపించవచ్చని చాలా బాప్టిస్టు సంఘాలు ఒప్పుకుంటాయి. దీక్ష పొందిన సేవకుడే నడిపించాలనే సంఘాలూ ఉన్నాయి. మీ నియమావళి చూడండి.

ప్రశ్న: సంఘ సభ అంటేనే భయం వేస్తోంది. ప్రతిసారీ అరుపులే.

జవాబు: ఈ భయం మీ ఒక్కరిదే కాదు. 1863 లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరును ఒక బాప్టిస్టు సంఘ సభకు అధ్యక్షత వహించమన్నారు. సభ నడపడం రాక గొడవలో చిక్కుకున్నాడు. ఆ పరాభవంతోనే సభా నియమాలు చదవడం మొదలుపెట్టి, 1876 లో తన నియమాల పుస్తకం అచ్చు వేయించాడు. ఈ రోజుకీ అనేక సంఘాల సభలు ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

అన్ని నియమాలూ అక్కర్లేదు, కొన్ని చాలు. అజెండా రెండు ఆదివారాల ముందు గోడ మీద ఉండాలి, అందులో లేని విషయం మీద ఆ రోజు ఓటు ఉండదు. ఓటుహక్కు ఎవరికుందో తేల్చే సభ్యుల పట్టీ ఏటా ఒకసారి సరిచేయాలి. చనిపోయినవారు, సభ్యత్వ బదిలీ ఉత్తరం తీసుకుని వేరే సంఘానికి వెళ్లినవారు పట్టీలో ఉండిపోతే కోరం (సభకు కావాల్సిన కనీస హాజరు) ఎప్పటికీ నిండదు. ముందు ప్రతిపాదన, బలపరచడం, అప్పుడు చర్చ. ప్రతిపాదన లేకుండా చర్చ మొదలైతే అరగంటకు ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు. మాట్లాడని వారందరికీ అవకాశం వచ్చేదాకా ఎవరికీ రెండో వంతు లేదు. మినిట్స్‌లో ఎవరేమన్నారో కాకుండా ఏం తీర్మానించారో రాసి, సభ ముగియకముందే ఆ తీర్మానాలు చదివి వినిపించాలి. నెల తర్వాత చదివితే 'మేం అలా అనలేదు' అన్న మరో గొడవ.

పాస్టరు గారి జీతం మీద చర్చ వచ్చినప్పుడు ఆయన కుర్చీ మరొకరికిచ్చి బయటికి వెళ్లాలి. ఆయన భార్య కూడా.

ప్రశ్న: మా డీకన్లు పాస్టరు గారిని జీతగాడిలా చూస్తారు. 'మేం పెట్టుకున్న మనిషి' అంటారు.

జవాబు: పెట్టుకున్నది డీకన్లు కాదు, పిలిచింది సంఘం. పాస్టరును పిలవడం, పంపడం, ఆస్తి కొనడం, అమ్మడం, సభ్యులను చేర్చుకోవడం, తొలగించడం సంఘ సభ చేతిలోనివి. డీకన్లు సిఫారసు చేయవచ్చు, నిర్ణయించలేరు. ఈ వాక్యం నియమావళిలో లేకపోతే చేర్చండి. అలాగని పాస్టరు గారు డీకన్ల సమావేశాన్ని తప్పించి సొంతంగా ఖర్చు చేస్తుంటే అదీ ఇదే రోగం. డీకన్ల నెలవారీ సమావేశంలో మొదటి గంట కుటుంబాల పుస్తకాలకు, ఆ తర్వాతే కట్టడాలూ కరెంటు బిల్లులూ అని వరస మార్చి చూడండి. మాటల తీరు కొంత మారుతుంది. వ్యక్తిగత తగాదా ఉంటే మత్తయి 18 లోని మెట్లు డీకన్లకూ వర్తిస్తాయి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘం ముందు.

ప్రశ్న: పోయిన ఏడాది ఎన్నికైన డీకను మానేస్తానంటున్నారు. తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవారిని తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మూడింట రెండు వంతులు రానివారిని వెనక తలుపు నుంచి తెచ్చినట్టవుతుంది. ముందు ఆయన్ను అడగండి, బరువు మొత్తంగానా, ఏదో ఒక్క పనా? చాలాసార్లు లెక్కల పనో, ఒక ఇంటి గొడవో తీసేస్తే ఉండిపోతారు. నిజంగానే దిగుతానంటే రాజీనామా ఉత్తరం తీసుకుని సంఘ సభలో కారణాలు తవ్వకుండా ఆమోదించండి. ఆయన కుటుంబాలను మిగతా డీకన్లు తలా రెండు పంచుకుని, మొదటిసారి ఆయన్ను వెంటబెట్టుకునే వెళ్లాలి. తర్వాతి ఎన్నికదాకా స్థానం ఖాళీగా ఉంచవచ్చు. నోటు పుస్తకం, మందిరం తాళంచెవులు, బ్యాంకులో ఆయన సంతకం ఉంటే దాని మార్పు, ఈ మూడూ ఆ వారంలోనే పూర్తిచేయండి.